మట్టిగోడలపై మహాయానము

సట్లెజ్ నదిని ఎదురెక్కి, స్పితి లోయను దాటి, కుంజుం కనుమ మీదుగా దిగు బాటలో వేయేండ్లనాటి బౌద్ధము నేటికిని నిత్యజీవనమై సాగుచున్నది. దానిని నిలిపిన ఘనత కొండల ఎత్తుకంటె ఏటేట మట్టి మెత్తు చేతులకే చెందవలెను.

మనుచరిత్రము చదివిన తెలుగువానికి హిమాలయము ఒక కావ్యదృశ్యముగా మనసున నిలిచియుండును. పాదలేపన మహిమచే ప్రవరాఖ్యుడు కనుమూసి తెరచునంతలో మంచుకొండ చేరెను. ఆ లేపనము మంచుకు కరగిపోగా ఇంటిదారి ఎరుగక తల్లడిల్లెను. నడువని దారిని ఎవ్వడును ఎరుగజాలడు గదా! అదే కొండకు భూమార్గమున, నదిని పట్టుకొని, ఊరూర ఆగుచు, పొద్దు క్రుంకిన చోట తలదాచుకొనుచు పోవువానికి మరియొక హిమాలయము గోచరించును. అందు సిద్ధ గంధర్వులకు మారుగా బఠాణీ చేలకు నీరు కట్టుకొను రైతులును, వెన్నదీపములకు వత్తులు సవరించు భిక్షువులును, వీపున గడ్డిమోపుతో నిట్టనిలువు కాలిబాట నెక్కు ముదుసలులును కనబడుదురు. హిమాలయము రెండు దేశముల నడుమ నిలిచిన గోడయని బడిలో చదువుకొంటిమి. ఆ గోడకు వేయి సంవత్సరములుగా మనుష్యులు వచ్చిపోయిన గుమ్మములు పెక్కు కలవని ఆ దారిన పోయినప్పుడే బోధపడును.

హిమాచల ప్రదేశమున సిమ్లాలో బయలుదేరి, కిన్నౌర్ మీదుగా స్పితి చేరి, కుంజుం కనుమ దాటి మనాలి వద్ద దిగునట్టి మార్గమిది. సిమ్లా నుండి స్పితికి ముఖ్యస్థానమైన కాజా వరకే 400 కిలోమీటర్లకు పైబడును. ఆ దూరమంతయు నదులే దారి చూపును: మొదట సట్లెజ్, పిమ్మట స్పితి, కనుమ దాటిన తరువాత చంద్రానది.

సట్లెజ్ వెంట

గవర్నర్ జనరల్ డల్హౌసీ ఏలుబడిలో 1850లో ఆరంభమైన హిందూస్థాన్-టిబెట్ రోడ్డునకు నేటి వారసురాలు ఐదవ నంబరు జాతీయ రహదారి. దొరలు కొలతలు పెట్టి రోడ్డు వేయకమునుపే ఆ లోయలో వర్తకుల బాట కలదు. గొర్రెల వీపులకు ఇరువైపుల చిన్న సంచులు కట్టి, టిబెట్టువైపునుండి ఉప్పును ఉన్నిని, ఇటునుండి ధాన్యమును మోయించుకొనుచు మంద వెంట మంద నడచిపోయెడివి. ఆ వర్తకమునకు కూడలి రాంపూర్ బుషహర్. అచ్చట నవంబరులో జరుగు లవీ సంత నేటికిని ప్రసిద్ధము. 1962 యుద్ధముతో శిప్కీ కనుమ మూతపడి, తరతరాల ఆ రాకపోకలు తెగిపోయినవి. తరువాతి దశాబ్దములలో వర్తకమును పరిమితముగ తిరిగి తెరచినను పూర్వవైభవము రాలేదు. సంతలో ఉన్ని శాలువల దుకాణము పెట్టుకొన్న ఒక వృద్ధుని టిబెట్టును గూర్చి అడుగగా, తాను ఎరుగనని, తన తండ్రి మాత్రము అచ్చటి బజారుల పేర్లు వరుసగా చెప్పెడివాడని, ఆ పేర్లను తాను ఎన్నడును మరువలేదని పలికి వానిని ఒక్కటొక్కటిగా వినిపించెను. చూడని ఊళ్ల పేర్లను అంత ఆత్మీయముగా పలికినవారిని నేను మరియెచ్చటను కనలేదు.

రాంపూరు దాటినంతట లోయ ఇరుకగును. కొండను తొలిచి తీసిన బాటపై రాతికప్పు వంగియుండ, క్రింద అగాధమున సట్లెజ్ బూడిదరంగు నీటితో హోరెత్తును. తరండా దేవి గుడి వద్ద బస్సులు ఆగుట, డ్రైవరు దిగి మ్రొక్కుట, ప్రయాణికులకు ప్రసాదము పంచుట నియమము. కిన్నౌర్ జిల్లాలో ప్రవేశించితిమనుటకు మొదటి గుర్తు శిరోవేష్టనము: స్త్రీలును పురుషులును ఆకుపచ్చని పట్టీ గల బూడిదరంగు టోపీనే ధరింతురు. దేవదారు వనముల నడుమ చెక్కతో రాతితో కట్టిన గ్రామదేవత ఆలయమును, దానికి కూతవేటు దూరమున బౌద్ధుల ఆలయమైన లఖంగ్‌ను ఒకే ఊరివారు కాపాడుకొనుచున్నారు. ఉత్సవమునకు దేవతను పల్లకిపై ఊరేగించు కుటుంబమే చావుకర్మకు లామాను పిలుచును. ఇందు వైరుధ్యము కలదని వారికి ఎన్నడును తోచలేదు.

కానం గ్రామమున ఒక తపస్వి

రికాంగ్ పియో దాటి పైకిపోగా, రోడ్డునకు చాల ఎత్తున ఆప్రికాటు చెట్ల మధ్య కానం అను గ్రామము కలదు. 1827 నుండి 1830 వరకు అచ్చట ఒక హంగేరీయ పండితుడు నివసించెను. ఆయన పేరు అలెగ్జాండర్ చోమా ద కొరోష్. 1784లో జన్మించి, తన జాతి పుట్టుపూర్వోత్తరములను వెదకుచు ఆసియాకు బయలుదేరిన ఈ నిరుపేద విద్వాంసుడు, వెదకినది దొరకకున్నను దొరికిన దానికి జీవితమును ధారవోసెను. జంస్కార్ లోయలో చలికి గడ్డకట్టు గదులలో టిబెట్ భాష నేర్చి, కానం చేరి, ఈస్టిండియా కంపెనీ ఇచ్చు నెలకు 50 రూపాయల భృతితో, ఒక లామా ప్రక్కన కూర్చుండి వేలకొలది పుటల శాస్త్రగ్రంథములు చదివెను. ఆయన కూర్చిన టిబెటన్-ఇంగ్లీషు నిఘంటువును, వ్యాకరణమును 1834లో కలకత్తాలో వెలువడినవి. చోమా కానంలో నుండిన కాలముననే మన కడపలో బ్రౌను దొర పండితులను చేరదీసి తెలుగు వ్రాతప్రతులను పరిష్కరింపజేయుచుండెను. చోమా లాసా నగరము చూడవలెనను కోరికతో బయలుదేరి, 1842లో డార్జిలింగులో జ్వరముతో మరణించెను.

కానంలో ఆయన చదివిన గ్రంథరాశికి కంజూర్, తంజూర్ అని పేర్లు: మొదటిది బుద్ధవచనముగా పరిగణింపబడు నూరు సంపుటముల పైచిలుకు సముదాయము, రెండవది భారతీయాచార్యుల శాస్త్రములు వ్యాఖ్యానములు గల, దానికి రెండింతల సముదాయము. అట్టి సంపుటమొకటి నా యెదుట విప్పిచూపిరి. పైన క్రింద చెక్కపలకలు, చుట్టును పసుపుపచ్చని వస్త్రము, వస్త్రముపై తోలుపట్టీ. లోపల కుట్టని విడి కాగితములు, మూరెడు పొడవు, జానెడైనను లేని వెడల్పు. చూడగానే గుండె ఝల్లుమన్నది. అది అచ్చముగా మన తాళపత్ర గ్రంథపు రూపము! తాటిచెట్టు మొలవని దేశమున, చేతితో చేసిన కాగితముపై వ్రాసికొనునపుడును, అచ్చు వేసికొనునపుడును, తమకు విద్య వచ్చిన దేశపు పుస్తకాకృతిని వారు విడువలేదు.

పంచవర్ణ పతాకలు

ఖాబ్ వద్ద స్పితినది వచ్చి సట్లెజ్‌లో కలియును. అచ్చటినుండి సట్లెజ్‌ను విడిచి స్పితిని పట్టుకొనవలెను. అంతవరకు తోడువచ్చిన చెట్లు అచ్చట వీడ్కోలు చెప్పును. నైరుతి మేఘములు ప్రధానశ్రేణిని దాటజాలక ఆవలనే వర్షించిపోవుటచే, ఈవల భూమి శీతల మరుభూమి. పసుపు, ఊదా, కావి రంగుల నగ్నపర్వతములు, వాని పాదమున మంచునీటి కాలువ పారినంత మేరకు కత్తితో కోసినట్లున్న పచ్చని చేలు. సుమారు 3,660 మీటర్ల ఎత్తుననున్న నాకో గ్రామము ఒక చిన్న సరస్సును చుట్టుకొని యుండును. ఊరిలోనికి పోవు దారిపొడవున షడక్షరీమంత్రము చెక్కిన రాళ్లను పేర్చిన మణిగోడలు కలవు. కుడిచేయి గోడవైపున నుండునట్లు నడువవలెను. అనగా మన ప్రదక్షిణమే. అప్పుడే బడి వదలగా పరుగెత్తుచు వచ్చిన పిల్లలుకూడ గోడ యెదురుపడగానే అప్రయత్నముగ ఎడమకు మళ్లి పోవుట చూచితిని.

కనుమలపైనను మఠముల మీదను ఎగురు పతాకలకు ఐదు రంగులు: ఆకాశమునకు నీలము, వాయువునకు తెలుపు, అగ్నికి ఎరుపు, జలమునకు ఆకుపచ్చ, పృథివికి పసుపు. పంచభూతములను నిత్యము స్మరించు సంప్రదాయమునుండి పోయినవానికి ఈ పతాకలు పరదేశపు వస్తువులుగా తోచవు.

తాబో: సుధనుని నడక

3,280 మీటర్ల ఎత్తున, స్పితి యొడ్డున, తాబో మఠమును బయటనుండి చూచినవాడు నిరాశపడినను పడవచ్చును. గోపురము లేదు, శిఖరము లేదు. పచ్చియిటుకల మందపాటి గోడలు, చదునైన మట్టి కప్పులు, పొట్టి ద్వారములు. పడమటి టిబెట్టునందలి గూగే రాజ్యమునేలిన యేషే-ఓ అను రాజభిక్షువు 996లో దీనిని స్థాపించెను. ఆయన పంపగా కాశ్మీరమునకు పోయి సంస్కృతము నేర్చి, శాస్త్రములను టిబెట్ భాషలోనికి మార్చి, చిత్రకారులను వెంటబెట్టుకొని వచ్చిన మహానువాదకుడు రించెన్ జంగ్‌పో (958–1055) పేరును ఈ లోయలో పసివారును ఎరుగుదురు.

ఒక యువభిక్షువు తాళము తీసి, టార్చిదీపము చేతబట్టి లోనికి తోడ్కొనిపోయెను. లోపల వెన్నదీపముల వాసన, పాతమట్టి చల్లదనము, కన్ను అలవాటుపడువరకు చీకటి. పిదప ఒక్కొక్కటిగా మూర్తులు చీకటినుండి వెలికివచ్చినవి. నడుమ నాలుగు దిక్కులను చూచు వైరోచనుడు. చుట్టు గోడలకు, తలకు కొంచెము ఎత్తున, ముప్పదికి పైగా మృణ్మయ దేవతామూర్తులు గోడనుండి ముందునకు పొడుచుకొనివచ్చి, గాలిలో ఆసీనమైనట్లున్నవి. చేతివ్రేళ్ల కొనలలోని సౌకుమార్యము, సగము మూసిన కన్నుల శాంతి చూచి, ఇవి ఎండిన మట్టిముద్దలని నమ్ముట దుర్లభము.

ఆ మూర్తులకు దిగువన ఉత్తరపు గోడపై బుద్ధచరితము, దక్షిణపు గోడపై సుధనుని కథ చిత్రింపబడియున్నవి. గండవ్యూహ సూత్రమున వచ్చు ఈ సుధనుడు ధాన్యాకర నగరమందలి శ్రేష్ఠిపుత్రుడు. జ్ఞానము కోరి బోధిసత్త్వుడైన మంజుశ్రీ ఆజ్ఞచే బయలుదేరి, ఒక గురువు మరియొక గురువును చూపగా, ఆయన ఇంకొకరిని చూపగా, భిక్షువును, రాజును, నావికుని, గంధవర్తకుని, వసుమిత్రయను వేశ్యను సైతము సేవించి నేర్చికొనుచు దేశదేశములు నడచెను. ఆ ధాన్యాకరము కృష్ణాతీరమందలి మన ధాన్యకటకమేయని కొందరు పండితులు తలచుచున్నారు. ఆ మాట సత్యమైనచో, మన ఊరి పిల్లవాడొకడు వేయేండ్లుగా స్పితిలో గోడవెంట నడచుచునే యున్నాడు! టార్చివెలుగు ఆ చిత్రములపై మెల్లగ సాగుచుండగా, ప్రతి ఘట్టమునను సుధనుడు ఎవరో ఒకరి యెదుట చేతులు జోడించి నిలిచియుండుట గమనించితిని. యాత్ర యనగా నెట్లుండవలెనో ఇంతకంటె స్పష్టముగా చెప్పిన గ్రంథము లేదు.

ఈ ఆలయమున మరియొక విశేషము కలదు. ఇచ్చటి ప్రసిద్ధ శాసనము నిర్మాణముకంటె ముఖ్యముగా పునరుద్ధరణమును కీర్తించును. స్థాపించిన 46 ఏండ్లకు, అనగా 1042 ప్రాంతమున, యేషే-ఓ వంశీకుడైన జంగ్‌చుబ్-ఓ ఆలయమును బాగుచేయించెనని ఆ వ్రాత తెలుపుచున్నది. విక్రమశిలనుండి అతీశ దీపంకర శ్రీజ్ఞానుడు ఆయన ఆహ్వానముపై టిబెట్ చేరినదియు ఆ యేడే. అతీశుని తెచ్చుటకు కూర్చిన బంగారముతో, చెరలోనున్న తన్ను విడిపింపవలదని, పండితునే రప్పింపుమని యేషే-ఓ ఆదేశించి ప్రాణము విడిచెనని సంప్రదాయగాథ. ఒక గురువునకై ఒక రాజు తన్ను తాను ధారవోసికొన్నట్లు చెప్పుకొను జాతికి, విద్యయెడల గల గౌరవము ఎట్టిదో ఊహింపవచ్చును.

కప్పు మెత్తు చేతులు

ఆ రాత్రి నేను బసచేసిన ఇల్లు తాబో మఠము పద్ధతిలోనే కట్టినది. వంటయింటి నడుమ ఇనుప పొయ్యి, గోడపొడవున అరలలో మిలమిలలాడు ఇత్తడి గిన్నెలు. గృహిణి “జూలే” యని పలుకరించి, నల్లని తేనీటి కషాయమును పొడవైన చెక్కగొట్టములో పోసి, ఉప్పును, వెన్నముద్దను వేసి, కవ్వపుకోలను పైకి క్రిందికి ఆడించెను. ఆ వెన్నతేనీరు టీ యనుకొని త్రాగువానికి వింతగ నుండును. చారు అనుకొని త్రాగువానికి హితముగ నుండును. గిన్నెలో ఒక గ్రుక్క తగ్గగానే ఆమె మరల నింపుచుండెను. వేయించిన బార్లీపిండి సంపాను ఆ తేనీటితోనే కలిపి, వ్రేళ్లతో ముద్దచేసికొని తినవలెను. పొలము, ఇల్లు పెద్దకుమారునకు చెందుటయు, చిన్నవాడు మఠమునకు పోవుటయు ఇచ్చటి పూర్వాచారము. సాగుకు తగిన భూమి, నీరు అత్యల్పములగుటచే కమతములు ముక్కలు కాకుండుటకు ఈ ఏర్పాటు ఏర్పడినది. ఇప్పుడు చదువులు ఉద్యోగములు వచ్చి అది సడలుచున్నదని ఆమె చెప్పెను.

మరునాటి ఉదయమున ఆమె భర్త నన్ను మిద్దెపైకి పిలిచి కప్పు చూపెను. పోప్లర్ దూలములు, వానిపై దగ్గరదగ్గరగ పేర్చిన విల్లో రెమ్మలు, వానిపై పొదల కంప, ఆపైన తడిపి త్రొక్కిన మట్టి. పిట్టగోడపై వంటచెరకు వరుసగా పేర్చియుండెను. “చలికాలములో మంచు పడిన ప్రతిసారి పారతో తీసివేయవలెను, వేసవి చివర పగుళ్లు చూచి మట్టి మెత్తవలెను. ఒక్క ఏడాది ఊరకున్నామంటే ఇల్లు మాట వినదు,” అని హిందీలో చెప్పుచు, మోకాళ్లపై కూర్చుండి ఒక పగులును బొటనవ్రేలితో అదిమి చూపెను. మఠపు కప్పును గూర్చి అడుగగా, “అదీ అంతే. మా తాతలు మెత్తినారు, మేము మెత్తుచున్నాము,” అనెను.

అప్పుడు నాకు తాబో రహస్యము తెలిసినది. వేయేండ్లనాటి మట్టిగోడ నిలిచియున్నదనగా, వేయిసార్లు ఎవరో ఎక్కి చూచిరని అర్థము. జనసమ్మర్దమునకు దూరముగ నుండుటచే ఈ సంస్కృతి చెడకుండ నిలిచినదని పలువురు అందురు. దూరమే రక్షించునదైనచో, సరిహద్దుకు ఆవల ఇంతకంటె మారుమూలనున్న తోలింగ్ మఠము, యేషే-ఓ కట్టించినదే, సాంస్కృతిక విప్లవకాలమున అంతగా దెబ్బతినియుండదు. తాబోలోనైనను 1975 జనవరి భూకంపము గోడలను కదలించినది. తరువాత మరల చేతులే పూనుకొన్నవి.

నాగార్జునుని లేఖ

కాజాకు సమీపమున, 4,166 మీటర్ల ఎత్తున, శంకువువంటి గుట్టపై కీ మఠము గూళ్లు గూళ్లుగా పేర్చినట్లుండును. అచ్చట ఒక వృద్ధ లామా నా దేశమేదని అడిగెను. ఆంధ్రదేశము, కృష్ణాతీరమని చెప్పితిని. ఆయన కన్నులు విప్పారినవి. “శ్రీపర్వతము. ధాన్యకటకము,” అని మెల్లగ ఉచ్చరించి, ధాన్యకటకమున బుద్ధభగవానుడు కాలచక్రతంత్రమును ఉపదేశించెనని తమ సంప్రదాయమని, 2006 జనవరిలో దలైలామా ఆ ధాన్యకటకపు చోటనే యున్న అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చినపుడు తానును వచ్చితినని తెలిపెను. చలికాలమున విజయవాడలో విశాఖపట్టణములో ఉన్ని స్వెట్టర్లు అమ్ము టిబెటన్లను ఎరిగిన మనకు, మన నదీతీరమును పుణ్యక్షేత్రముగా ఎంచి వారు నమస్కరింతురని ఎంతమందికి తెలియును?

శ్రీపర్వతమున నివసించెనని ప్రసిద్ధుడైన ఆచార్య నాగార్జునుడు తన మిత్రుడైన శాతవాహన రాజునకు శ్లోకములలో ఒక లేఖ వ్రాసెను. దాని పేరు సుహృల్లేఖ. భారతదేశమున బాలురు దీనిని కంఠస్థము చేయుచుండిరని 7వ శతాబ్దమున ఈ దేశమునకు వచ్చిన చీనాయాత్రికుడు ఇత్సింగ్ వ్రాసినాడు. అట్టి గ్రంథపు సంస్కృతమూలము మనకు మిగులలేదు. చీనాభాషలోను, టిబెట్ భాషలోను అనువాదములుగా మాత్రమే నిలిచినది. ఆచార్యుని విగ్రహవ్యావర్తని మూలమును 1930లలో రాహుల సాంకృత్యాయనుడు టిబెట్ మఠమొకదానినుండి వెలికితెచ్చెను. తెలుగునేలనేలిన రాజునకు చేరిన లేఖను, నేడు ఆ లామావంటివారు మంచులోయలలో పాఠము చెప్పుచున్నారు. ఒకరు చదువగా ఒకరు వ్రాసికొని, భారతీయ పండితుడును టిబెట్ అనువాదకుడును ప్రక్కప్రక్కన కూర్చుండి తరములకొలది శ్రమించుటచే అది సాధ్యమైనది. 9వ శతాబ్ది ఆరంభముననే వారు సంస్కృత పదములకు సమానార్థకములను నిర్ణయించి మహావ్యుత్పత్తి యను కోశము కూర్చుకొనిరి. కప్పు మెత్తుటయు, గ్రంథము మార్చి వ్రాయుటయు ఒకే గుణమునుండి పుట్టిన రెండు పనులు.

పోదలచినవారికి

ఈ మార్గమును సిమ్లావైపునుండి ఆరంభించుట శ్రేయస్కరము. ఎత్తు క్రమముగా పెరుగుటచే శరీరము అలవాటుపడును. సుమారు 4,550 మీటర్ల కుంజుం కనుమ సాధారణముగ జూన్ నుండి అక్టోబరు వరకే తెరచియుండును. వానకాలమున క్రిందిలోయలలో కొండచరియలు విరిగిపడును కావున సెప్టెంబరు అనుకూలము. కనుమ దిగిన పిదప చంద్రానది వెంట బాట రాళ్లమయము; 2020లో ప్రారంభమైన 9 కిలోమీటర్ల అటల్ సొరంగము దాటినచో మనాలి సమీపమే. విదేశీయులకు కిన్నౌర్-స్పితి సరిహద్దు ప్రాంతమునకు అనుమతిపత్రము కావలెను. తాబో ఆలయములోపల ఛాయాచిత్రములు నిషిద్ధములు. టార్చి వెలుగునకైనను భిక్షువు అనుమతి పొందవలెను.

రాయి, మట్టి

స్పితి నేడు మారుచున్నది. వర్షమే ఎరుగని లోయలో అకాలవర్షములు పడుచున్నవి. 2023 జూలైలో హిమాచలమును ముంచెత్తిన వానలకు ఈ దారులన్నియు తెగినవి. మంచును మోయుటకు ఏర్పడిన మట్టికప్పు వానకు తాళదు. కావున సిమెంటు ఇండ్లు వచ్చుచున్నవి. చలికి అవి వెచ్చదనము నిలుపజాలవని ఎరిగియు జనము కట్టుకొనుచున్నారు. వారిని తప్పుపట్టు హక్కు మనకు లేదు. కాని యువకులు పట్టణములకు పోయి, ఇండ్లు సిమెంటువైనపుడు, మట్టి పాళ్లు ఎరిగిన చేతులు తగ్గును. ఆ చేతులు లేనిచో పురావస్తుశాఖ రక్షణలోనున్న తాబోకైనను కష్టమే.

అమరావతి మహాస్తూపము పల్నాటి రాతితో కట్టినది, జగత్ప్రసిద్ధమైనది. పరామర్శించువారు లేక శిథిలమై, 18వ శతాబ్దాంతమున ఆ శిలలు గృహనిర్మాణములకు తరలిపోవుచుండగా 1797లో మెకంజీ దొర వచ్చి చూచెను. మిగిలినవానిలో శ్రేష్ఠములైనవి నేడు లండనులోను చెన్నైలోను ఉన్నవి. తాబో పచ్చిమట్టితో, పేదలోయలో, కొద్ది ఇండ్ల జనముచే కట్టబడి, రాతికంటె ఎంతో దుర్బలమయ్యు, తన స్థానమున తానున్నది. అందు నేటికిని దీపము వెలుగుచున్నది. రాతికి మట్టికి గల ఈ వ్యత్యాసమును కాలము చేసినదనుట న్యాయము కాదు, మనుష్యులు చేసినది. స్పితికి పోవు తెలుగు యాత్రికుడు అక్కడి కొండలను చూచి ఆనందించి వచ్చుటతో తృప్తిపడక, ధరణికోట మట్టిదిబ్బలను, నాగార్జునకొండ ద్వీపమున నిలిపిన అవశేషములను, ఊరిచివర పిచ్చిమొక్కల నడుమనున్న తన గ్రామపు పాతగుడిని తిరిగివచ్చి ఒకమారు చూడవలెను. చూచి ఊరకుండక, ఏడాదికొకసారి ఎక్కి పగుళ్లు వెదకువారి జాబితాలో తన పేరును చేర్చికొనవలెను. సుధనుడు బయలుదేరిన నేలకు ఆ పాటి ఋణము తీర్చుట మన తరపు విధి.